పసిపిల్లల ఎదుగుదల మైలురాళ్లు: ఇంట్లో ఎలా గమనించాలి, ఎలా రాసుకోవాలి, ఎప్పుడు చూపించాలి

"మా పాపకి పదో నెల. ఇంకా పాకడం లేదు, ఫరవాలేదా?" "బాబుకి ఏడాదిన్నర. అమ్మ, అత్త తప్ప మాట లేదు. ఆగాలా, డాక్టరుకి చూపించాలా?" ఇలాంటి ప్రశ్నలు ఆగకుండా వస్తూనే ఉన్నాయి.

ఆ ఒక్క వాక్యం చూసి జవాబు చెప్పడం ఎవరివల్లా కాదు. పాకని పాప కూర్చుంటోందా? పేరు పెట్టి పిలిస్తే తిరుగుతోందా? మాటలు రాని బాబు వేలు పెట్టి చూపిస్తున్నాడా? ఇవి తెలిస్తేనే ఏదైనా చెప్పొచ్చు. ఇవన్నీ ఇంట్లో రోజూ కళ్లముందే జరుగుతుంటాయి, కానీ ఎవరూ రాసిపెట్టుకోరు. తీరా డాక్టరు అడిగేసరికి "ఎప్పుడు మొదలెట్టాడో గుర్తులేదండీ" అంటాం.

పుట్టిన దగ్గర్నుంచి అయిదేళ్ల దాకా ఏం చేయాలో కింద వరుసగా ఉంది. మొదటి రెండేళ్ల గురించే ఎక్కువ రాశాను. ఆలస్యాన్ని పట్టుకోవాల్సింది అప్పుడే.

## 1. ముందు వయసు సరిగ్గా లెక్కేయండి

వయసు తప్పితే మిగతాదంతా తప్పుతుంది. 37 వారాలు నిండాక పుట్టిన బిడ్డకి పుట్టినరోజు లెక్కే చాలు. అంతకన్నా ముందు పుడితే కొంత తగ్గించాలి.

40 లోంచి కాన్పు అయిన వారాలు తీసేయండి. 32 వారాలకే పుడితే 8 వారాలు, అంటే రెండు నెలలకు కాస్త అటూఇటూ. క్యాలెండరు ప్రకారం ఆరు నెలలు నిండిన ఆ బిడ్డని నాలుగు నెలల బిడ్డగానే చూడాలి. కూర్చోలేదేమని దిగులు పడక్కర్లేదు, మెడ నిలిపిందా లేదా అన్నదే అప్పటి ప్రశ్న. ఈ సవరణ రెండేళ్లు నిండేదాకా చేస్తారు.

టీకాలకి ఈ తగ్గింపు వర్తించదు. అవి పుట్టినరోజు లెక్కనే వేయించాలి.

నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి ఇంకో పని ఉంది. 34 వారాల లోపు పుట్టినా, పుట్టినప్పుడు రెండు కిలోల కన్నా తక్కువ ఉన్నా, పుట్టిన 30 రోజుల్లోపు కంటి రెటీనా పరీక్ష అయిపోవాలి. మరీ ముందుగా పుట్టినవాళ్లకి ఇంకా త్వరగా చేస్తారు. ఆసుపత్రివాళ్లు చెప్పకపోతే మీరే అడగండి.

## 2. కావలసినవి దగ్గర పెట్టుకోండి

- మాతా శిశు సంరక్షణ కార్డు. గర్భం నమోదు చేసుకున్నప్పుడు అంగన్‌వాడీలోనో ఆరోగ్య కేంద్రంలోనో ఇచ్చిందే. టీకాల పేజీ తప్ప చాలామంది మిగతావి తెరవరు. బరువు గ్రాఫూ, మైలురాళ్ల (ఏ వయసుకి ఏం చేయడం రావాలో) బొమ్మలూ అందులోనే ఉంటాయి.
- ఒక నోటుబుక్కు. యాప్ కన్నా ఇదే మేలు. ఇంట్లో అమ్మమ్మ, నానమ్మ, ఆయా ఎవరైనా రాయగలరు.
- వీడియో తీయడానికి ఫోను.
- నేలమీద పరవడానికి చాప, దానిమీద పల్చటి దుప్పటి. మెత్తటి పరుపు వద్దు, అందులో బిడ్డ తన బలం చూపించలేదు.
- ఎర్ర ఊలు ఉండ, చిన్న స్టీలు గిన్నె, రెండు చెంచాలు, తుండుగుడ్డ, ఖాళీ అగ్గిపెట్టెలు నాలుగు, లావు క్రేయాన్, బొమ్మల పుస్తకం ఒకటి.

ఖరీదైన ఆటబొమ్మలు అక్కర్లేదు. గోలీలు, గింజలు, గుండీలు, గుండ్రటి చిన్న బ్యాటరీలు మాత్రం చుట్టుపక్కల ఉండకూడదు.

## 3. ఏ తేదీల్లో చూడాలో ముందే రాసిపెట్టుకోండి

రోజూ చూసి రోజూ కంగారు పడటం కన్నా కొన్ని తేదీలు పెట్టుకుని శ్రద్ధగా చూడటం మంచిది. టీకాలతో కలిపితే మరిచిపోరు.

- 6 వారాల టీకా నుంచి 2 నెలల లోపు
- 14 వారాల టీకా తర్వాత, 4 నెలలు నిండేలోపు
- అన్నప్రాశన నాటికి, అంటే 6 నెలలు
- 9 నెలల టీకా (మీజిల్స్ రూబెల్లా)
- మొదటి పుట్టినరోజు
- 15 నెలలు, 18 నెలలు (బూస్టరు టీకాలు 16 నుంచి 24 నెలల మధ్య)
- 24 నెలలు, 30 నెలలు
- ఆ తర్వాత 3, 4, 5 ఏళ్ల పుట్టినరోజులు

ఈ తేదీలన్నీ ఇవాళే ఫోను క్యాలెండరులో వేసేయండి. వాటికి వారం ముందు నుంచి గమనించడం మొదలుపెడితే సరిపోతుంది.

## 4. పరీక్ష పెట్టకండి, ఆడించి చూడండి

మన ఇళ్లలో పదిమంది చుట్టూ చేరి "టాటా చెప్పు, దండం పెట్టు" అని మొదలెడతాం. బిడ్డ బిక్కమొహం వేస్తుంది. "రాదు" అని తీర్మానించేస్తాం. అలా చూసింది లెక్కలోకి రాదు.

- కడుపు నిండి, నిద్ర తీరి, హుషారుగా ఉన్నప్పుడే చూడండి. జ్వరం, జలుబు ఉన్న వారం వదిలేయండి.
- టీవీ ఆపేయండి. ఒక్కరే ఆడించండి.
- ముందు మీరు ఆడుతూ చూపించండి, తర్వాత వస్తువు బిడ్డ ముందు పెట్టి ఆగండి. పది సెకన్లు నోరు మూసుకుని ఆగడమే ఇందులో అన్నిటికన్నా కష్టం.
- ఒకసారి చేయకపోతే వేరే రోజుల్లో ఇంకో రెండుసార్లు చూడండి.
- మీరు చేయి పట్టుకుని చేయించింది లెక్క కాదు. ఒక్కసారి పొరపాటున జరిగిందీ లెక్క కాదు.

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే అలవాటున్న ఇళ్లకి ఒక సౌకర్యం ఉంది. పంచిన తేదీ పుస్తకంలో రాసేస్తే చాలు. కాకపోతే మొదటిసారి దొర్లిన రోజు కాదు, మళ్లీ మళ్లీ తనంతట తను దొర్లడం మొదలుపెట్టిన రోజు రాయండి.

## 5. ఏ వయసుకి ఏం చూడాలి

కింది జాబితాల్లోవి చాలామట్టుకు అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన పట్టిక ప్రకారం ఉన్నాయి. నూటికి కనీసం 75 మంది పిల్లలు ఆ వయసుకి చేసేవే అందులో ఉంచారు. అంటే మిగిలినవాళ్లు కాస్త వెనక ఉంటారు.

### 2 నెలలు

- [ ] మాట్లాడిస్తే మొహంలోకి చూసి నవ్వుతుంది (నిద్రలో నవ్వు కాదు)
- [ ] పెద్ద చప్పుడుకి ఉలిక్కిపడుతుంది
- [ ] మీరు కదిలితే కళ్లతో వెంబడిస్తుంది
- [ ] బోర్లా పడుకోబెడితే తల కాస్త ఎత్తుతుంది
- [ ] రెండు చేతులూ రెండు కాళ్లూ సమానంగా ఆడిస్తుంది

### 4 నెలలు

- [ ] ఎత్తుకుంటే మెడ నిలుపుతుంది
- [ ] బోర్లా ఉన్నప్పుడు మోచేతుల మీద లేస్తుంది
- [ ] "ఉంగా ఉంగా" అంటూ బదులిస్తుంది
- [ ] గొంతు వినబడిన వైపు తల తిప్పుతుంది
- [ ] గుప్పిళ్లు విప్పి తన చేతులు తనే చూసుకుంటుంది

### 6 నెలలు

- [ ] బోర్లా పడుతుంది, మళ్లీ వెల్లకిలా తిరుగుతుంది
- [ ] చేతులు నేలకి ఆనించి కూర్చుంటుంది
- [ ] కావలసిన వస్తువు కోసం చేయి చాపుతుంది. ఊలు ఉండని ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు పెట్టి చూడండి. రెండు చేతులూ రావాలి
- [ ] కిలకిలా నవ్వుతుంది

### 9 నెలలు

- [ ] ఆసరా లేకుండా కూర్చుంటుంది
- [ ] పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుంది
- [ ] "బాబాబా, తాతాతా, మమమ" అని గొలుసుగా పలుకుతుంది
- [ ] ఎత్తుకోమని చేతులు చాపుతుంది
- [ ] చెంచా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటుంది
- [ ] కింద పడిన వస్తువు కోసం వెతుకుతుంది

"తాతాతా" వినగానే తాతయ్యగారు మురిసిపోతారు. మురిసిపోనివ్వండి, కానీ పుస్తకంలో మాటగా రాయకండి. తాతయ్యని చూసి, ఆయన్నే పిలిచినప్పుడు అది మాట అవుతుంది.

పేరు పిలిచి చూడటానికి ఒక పద్ధతుంది. బిడ్డ వెనక, కంటికి కనబడనంత దూరంలో నిలబడి, చిటికె వేయకుండా, గాజులు చప్పుడు కాకుండా, మామూలు గొంతుతో ఒక్కసారి పిలవండి.

### 12 నెలలు

- [ ] పట్టుకుని లేచి నిలబడుతుంది, మంచమో సోఫానో పట్టుకుని నాలుగడుగులు వేస్తుంది
- [ ] టాటా చెబుతుంది, లేదా చప్పట్ల ఆట ఆడుతుంది
- [ ] అమ్మనో నాన్ననో ప్రత్యేకంగా పిలుస్తుంది
- [ ] "వద్దు" అంటే ఒక్క క్షణమైనా ఆగుతుంది
- [ ] తుండుగుడ్డ కింద మీరు దాచిన చెంచాని గుడ్డ లాగి తీస్తుంది
- [ ] బొటనవేలు, చూపుడువేలితో చిన్నవి ఏరుతుంది

ఈ చివరిది చూడటానికి మెత్తగా ఉడికిన అన్నం మెతుకులే మంచివి. శుభ్రం చేసిన పళ్లెంలో నాలుగు మెతుకులు విడివిడిగా వేసి ముందు పెట్టండి. తొమ్మిదో నెల ప్రాంతంలో అరచేతిని గరిటెలా చేసి మెతుకుల్ని లాక్కుని గుప్పిట్లో పిసికేస్తుంది. ఏడాది దగ్గర పడేసరికి బొటనవేలి కొసా చూపుడువేలి కొసా కలిసి ఒక్క మెతుకు పైకి లేస్తుంది. అది నోట్లోకి వెళ్లే లోపు వీడియో తీసేయండి.

పాకడం పట్టికలో లేదేమని అడుగుతారు. సీడీసీ 2022లో దాన్ని తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం సహా అయిదు దేశాల పిల్లల్ని గమనించినప్పుడు నూటికి నలుగురు మోకాళ్ల మీద పాకకుండానే నడిచారు. కూర్చుని జరిగేవాళ్లు, పొట్టతో దేకేవాళ్లు కూడా ఉంటారు. అదే అధ్యయనంలో తేలిన హద్దులివి:

- ఆసరా లేకుండా కూర్చోవడం: 3.8 నుంచి 9.2 నెలలు
- మోకాళ్ల మీద పాకడం: 5.2 నుంచి 13.5 నెలలు
- ఒంటరిగా నిలబడటం: 6.9 నుంచి 16.9 నెలలు
- ఒంటరిగా నడవడం: 8.2 నుంచి 17.6 నెలలు

కాబట్టి పదో నెలలో పాకని పాప చక్కగా కూర్చుంటూ, రెండు చేతులూ సమానంగా వాడుతూ, పిలిస్తే పలుకుతుంటే ఆగొచ్చు. కూర్చోవడం కూడా లేకపోతే ఆగకూడదు.

### 15 నుంచి 18 నెలలు

ఈ మూడు నెలల్లో అందరి కళ్లూ నడక మీద ఉంటాయి. నన్నడిగితే వేలి మీద పెట్టమంటాను.

15 నెలలకి కావలసినదాన్ని వేలు పెట్టి అడుగుతుంది: నీళ్ల గ్లాసు, అరటిపండు. 18 నెలలకి వేలు ఇంకో పని కూడా చేస్తుంది. గోడమీద కాకి వాలితే దాన్ని చూపించి, వెనక్కి తిరిగి మీ మొహంలోకి చూస్తుంది, "చూశావా" అన్నట్టు. అక్కడ బిడ్డకి కాకి అక్కర్లేదు, మీరు కూడా చూడాలి, అంతే. మాటలకన్నా ముందే ఈ పంచుకోవడం రావాలి.

మీరే చూడాలంటే మేడ మీదకి తీసుకెళ్లి చందమామని వేలితో చూపించండి. మీ వేలినే చూస్తోందా, వేలు చూపించిన వైపు చూస్తోందా? రెండు మూడు రాత్రులు చూసి రాయండి.

- [ ] పట్టుకోకుండా నడుస్తుంది (18 నెలలకి)
- [ ] కావలసింది వేలితో అడుగుతుంది (15), ఆసక్తిగా ఉన్నది చూపిస్తుంది (18)
- [ ] "బంతి ఇటివ్వు" అని సైగ లేకుండా అంటే ఇస్తుంది
- [ ] అమ్మ, నాన్న కాకుండా ఇంకో మూడు మాటలైనా ప్రయత్నిస్తుంది
- [ ] రెండు అగ్గిపెట్టెలు ఒకదానిమీద ఒకటి పెడుతుంది
- [ ] క్రేయాన్‌తో పిచ్చిగీతలు గీస్తుంది
- [ ] తనంతట తను వేళ్లతో తింటుంది, చెంచా ప్రయత్నిస్తుంది

మాటలు లెక్కపెట్టేటప్పుడు ఉచ్చారణ చూడకండి. అదే వస్తువుకి అదే శబ్దం, ఎవరూ అనిపించకుండా, తరచూ అంటే అది మాటే. "బువ్వ"ని "బుబ్బ" అన్నా, కుక్కని "భౌభౌ" అన్నా లెక్కే. మీరు అన్నది వెంటనే తిరిగి అంటే లెక్క కాదు.

### 24 నుంచి 30 నెలలు

- [ ] రెండు మాటలు తనే కలుపుతుంది: "నాన్న రా", "పాలు వద్దు"
- [ ] అడిగితే ముక్కు, చెవి లాంటివి కనీసం రెండు చూపిస్తుంది
- [ ] పరిగెడుతుంది, బంతి తన్నుతుంది. 30 నెలలకి రెండు కాళ్లతో ఎగురుతుంది
- [ ] బొమ్మకి అన్నం పెట్టడం లాంటి ఉత్తుత్తి ఆటలు ఆడుతుంది
- [ ] 30 నెలలకి 50 మాటల దాకా వస్తాయి

### 3, 4, 5 ఏళ్లు

అంగన్‌వాడీకో బడికో వెళుతుంది కాబట్టి టీచరునీ అడగండి. మూడేళ్లకి పేరు చెప్పాలి, రెండు మూడు వంతులు మాట అందుకుని మాట్లాడాలి, గీసి చూపిస్తే సున్నా గీయాలి. నాలుగేళ్లకి నాలుగు మాటల వాక్యాలు, తలా కాళ్లూ ఉన్న మనిషి బొమ్మ. అయిదేళ్లకి ఒంటికాలిమీద గెంతడం, పది దాకా లెక్కపెట్టడం, జరిగింది కథలా చెప్పడం. తోటి పిల్లలతో కలుస్తోందా అన్నది మూడింటిలోనూ చూడండి.

## 6. పుస్తకంలో ఎలా రాయాలి

ప్రతి అంశం పక్కన మూడింటిలో ఒకటి రాయండి: "చేస్తోంది", "అప్పుడప్పుడు", "ఇంకా లేదు". కింద ఒక వాక్యం, ఎలా చేసిందో. "బాగానే ఉంది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

నమూనా:

> వయసు 12 నెలల 4 రోజులు. మంచం పట్టుకుని కుడివైపు జరుగుతోంది, ఎడమవైపు ఇంకా లేదు. గుడ్డ కింద చెంచా మూడుసార్లలో రెండుసార్లు తీసింది. పేరు పిలిస్తే వంటింట్లోంచి పిలిచినా తిరిగింది. మాటలు: అమ్మ, బుబ్బ. వీడియో ఉంది.

వీడియో అర నిమిషం చాలు. ఫోను అడ్డంగా పట్టుకుని, బిడ్డ ఎత్తుకి వంగి, తల నుంచి పాదాల దాకా కనబడేలా తీయండి.

జాబితాలో ఒక్కటే లేకపోతే రెండు వారాలాగి మళ్లీ చూడండి. అప్పటికీ లేకపోతే డాక్టరుతో చెప్పండి. రెండు మూడు లేకపోతే ఆ రెండు వారాలు కూడా వద్దు.

## 7. ఆగకూడని గుర్తులు

అదే రోజు ఆసుపత్రికి:

- తల ఒక్కసారిగా ముందుకు వాలడం, చేతులు రెండూ ఎగరేసినట్టు చాచడం, కొన్ని సెకన్లాగి మళ్లీ అలాగే, వరసగా పదేసి సార్లు. ఎక్కువగా నిద్ర లేవగానే వస్తాయి, 3 నుంచి 12 నెలల వయసులో. కడుపునొప్పి అనుకుని వాము నీళ్లు పడుతూ వారాలు గడిపేస్తారు. ఇవి ఒకరకం మూర్ఛ కావచ్చు. చికిత్స ఆలస్యమైన కొద్దీ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. వీడియో తీసి వెంటనే బయలుదేరండి.
- మాడు ఉబ్బి బిగుసుకున్నట్టుండటం, తల వేగంగా పెరుగుతుండటం.

ఆ వారంలోనే:

- వచ్చిన మాటో, చూపో, ఆటో పోవడం. ఏ వయసులోనైనా సరే. ఇందులో "చూద్దాం" లేదు. శాకాహారి తల్లి పాలే ఎక్కువగా తాగే ఆరు నెలలు దాటిన బిడ్డల్లో విటమిన్ బి12 లోపంవల్ల కూడా ఇలా వెనక్కి వెళ్లడం ఉంటుంది. పట్టుకుంటే దానికి చికిత్స ఉంది.
- ఫ్లాష్ ఫొటోలో కంటిపాప తెల్లగా మెరవడం.

అపాయింట్‌మెంటు తీసుకోవలసినవి:

- [ ] 3 నెలలకి మొహం చూసి నవ్వు లేదు, కళ్లు వెంబడించవు
- [ ] 4 నెలలకి మెడ నిలవలేదు, లేదా మెల్లకన్ను ఎప్పుడూ ఉంటోంది
- [ ] ఒళ్లు మరీ వదులుగానో మరీ బిగుసుకునో ఉంది
- [ ] ఏడాది లోపే ఒక్క చేయే వాడుతోంది. "ఎడమచేతి వాటం" అని సరిపెట్టుకోకండి, రెండో చేతిలో బలహీనత కావచ్చు
- [ ] 9 నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోదు
- [ ] 12 నెలలకి గొలుసు శబ్దాలు లేవు, టాటా లాంటి సైగ ఒక్కటీ లేదు
- [ ] 16 నెలలకి ఒక్క మాటా లేదు
- [ ] 18 నెలలకి నడక లేదు, లేదా వేలితో చూపించడం లేదు
- [ ] 24 నెలలకి సొంతంగా రెండు మాటలు కలపదు

## 8. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సవరణ

"వాళ్ల నాన్న కూడా మూడేళ్లకి గానీ మాట్లాడలేదమ్మా." అత్తగారు అన్నది నిజమే కావచ్చు. అయినా నాన్నకి అప్పుడు వినికిడి పరీక్ష చేశారా, వేలితో చూపించేవాడా అన్నది ఎవరికీ తెలియదు. పెద్దవాళ్లతో వాదించక్కర్లేదు. "ఒకసారి చెవులు చూపించి వస్తామత్తయ్యా" అనండి, గొడవ ఉండదు.

కంచం మోగించి చెవులు పరీక్షించడం. పాక్షికంగా వినబడే బిడ్డ కూడా కంచం చప్పుడుకి తిరుగుతుంది, కొన్నిసార్లు నేల అదురుకే తిరుగుతుంది. మాటల్లోని సన్నటి శబ్దాలు వినబడుతున్నాయా అన్నది ఇంట్లో తేలదు. పుట్టిన నెలలోపు వినికిడి స్క్రీనింగు, తేడా ఉంటే మూడు నెలలకి నిర్ధారణ, ఆరు నెలలకి చికిత్స మొదలు కావాలన్నది నియమం. చేయించకపోతే ఎప్పుడైనా చేయించొచ్చు.

మాటల కోసం వస నాకించడం, నాలుక కింద కోయించడం. వసలో ఉండే బీటా అసరోన్ అనే రసాయనం మంచిది కాదు, పసిపిల్లలకి వాంతులు అవుతాయి. దానివల్ల మాటలొస్తాయనడానికి ఆధారం లేదు. నాలుక కింద పొర బిగుతుగా ఉంటే పాలు తాగడానికో కొన్ని అక్షరాలకో ఇబ్బంది రావచ్చు గానీ, అసలు మాటలే రాకపోవడానికి అది కారణం కాదు.

వాకరు. త్వరగా నడుస్తాడని కొంటారు. దాంట్లో కాలి వేళ్లతో తోయడం అలవాటవుతుందే తప్ప నడక త్వరగా రాదు, మెట్ల మీంచి పడే ప్రమాదం అదనం. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది. ఉంటే తీసేయండి, బదులుగా బరువైన స్టూలు తోయనివ్వండి.

రోజంతా ఒళ్లో, ఉయ్యాల్లో. నేలమీదకి దించని బిడ్డకి బోర్లా పడే అవకాశమే ఉండదు. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి, రోజు మొత్తంలో కాసేపు కాసేపు కలిపి అరగంట బోర్లా పడుకోబెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మొదట ఏడిస్తే రెండేసి నిమిషాలతో మొదలెట్టండి. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే.

అన్నం తినడానికి ఫోను. రెండేళ్ల లోపు తెర అసలు వద్దంటారు పిల్లల డాక్టర్లు. దూరాన ఉన్న తాతయ్య, నానమ్మలతో వీడియో కాల్ ఫరవాలేదు. ఏబీసీడీలు చెప్పేస్తున్నాడని మురిసిపోయే ముందు, ఆకలేస్తే "బువ్వ" అని అడుగుతున్నాడా చూడండి.

పక్కింటి బిడ్డతో పోలిక. పోల్చాల్సింది మూడు నెలల క్రితం మీ పుస్తకంలో రాసినదానితో.

## 9. అనుమానం వస్తే ఎవరి దగ్గరికి, ఏ వరుసలో

1. పిల్లల డాక్టరు. పుస్తకం, కార్డు, కాన్పు కాగితాలు, వీడియోలు తీసుకెళ్లండి. పైపైన చూసి చెప్పకుండా స్క్రీనింగు ప్రశ్నావళితో చూడమని అడగండి. తిరువనంతపురం చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ తయారుచేసిన ట్రివేండ్రం చార్టు అనే ఎదుగుదల పట్టిక మన దేశంలో వాడుకలో ఉంది. ఆటిజం అనుమానానికి 16 నుంచి 30 నెలల మధ్య ఎం-చాట్ అనే ప్రశ్నావళి ఉంది.

2. వినికిడి పరీక్ష. మాటల సమస్య ఏదైనా ముందు ఇదే. ముందు ఓఏఈ (చెవి లోపలి భాగం పనిచేస్తోందా చూసేది), అవసరమైతే బేరా (శబ్దం మెదడు దాకా చేరుతోందా చూసేది).

3. రక్తపరీక్షలు. థైరాయిడ్, రక్తహీనత, బి12 లాంటివి డాక్టరు చెబితే.

4. జిల్లా సత్వర చికిత్స కేంద్రం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో నడిచే ఉచిత కేంద్రాలివి. అందరూ డైక్ అంటారు. ఫిజియోథెరపిస్టు, మాటల నిపుణులు, సైకాలజిస్టు ఒకేచోట ఉండేలా ఏర్పాటు చేశారు. ఆ కార్యక్రమం సంచార వైద్య బృందం అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఎప్పుడొస్తుందో ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచరునో అడిగి ఆ రోజు బిడ్డని తప్పకుండా తీసుకెళ్లండి.

5. జాతీయ సంస్థలు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యాలకి సంబంధించిన జాతీయ సంస్థ నీపిడ్ ఉంది. 2021లో అక్కడ అన్నిరకాల వైకల్యాలకీ కలిపి సత్వర చికిత్స కేంద్రం మొదలైంది. ఆంధ్రలో దాని ఆధ్వర్యంలో నెల్లూరులో ప్రాంతీయ కేంద్రం ఉంది.

డాక్టరు "ఇంకొన్నాళ్లు చూద్దాం" అంటే సరేనని లేచి రాకండి. మూడు ప్రశ్నలు అడగండి: ఏం కనబడాలి? ఎప్పటికి? కనబడకపోతే ఎక్కడికెళ్లాలి? మూడు జవాబులూ పుస్తకంలో రాసి, ఆ తేదీ క్యాలెండరులో పెట్టండి. ఇంకోమాట: ఫిజియోథెరపీ, మాటల శిక్షణ మొదలుపెట్టడానికి జబ్బు పేరు తేలేదాకా ఆగక్కర్లేదు.

## 10. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకి

అమెరికాలో మూడేళ్లలోపు పిల్లలకి ప్రతి రాష్ట్రంలోనూ ఎర్లీ ఇంటర్వెన్షన్ విభాగం ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా తల్లిదండ్రులే ఫోన్ చేసి అడగొచ్చు, అర్హత తేల్చే పరీక్షకి డబ్బు తీసుకోరు. ఇంగ్లండులో హెల్త్ విజిటర్ రెండు, రెండున్నరేళ్ల మధ్య వచ్చి చూస్తారు. అంతవరకు ఆగకుండా ముందే పిలవొచ్చు.

ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లిషు వల్ల మాటలు ఆలస్యం అవుతాయని తెలుగు మానేస్తుంటారు. మానకండి. రెండు భాషలు ఆలస్యానికి కారణం కాదు. "పాలు", "మిల్క్" రెండూ అంటే రెండు మాటలుగా లెక్కేసి, మొత్తం చెప్పండి. పరీక్షకి తెలుగు దుబాసీ కావాలని ముందే అడగండి.

## 11. అపాయింట్‌మెంటు దాకా ఇంట్లో ఏం చేయాలి

తేదీ దొరకడానికి వారాలు పట్టొచ్చు. ఈలోపు:

- [ ] స్నానం చేయించేటప్పుడు, బట్టలు మడతపెట్టేటప్పుడు చేస్తున్న పని మాటల్లో చెబుతూ ఉండండి: "లాల అయిపోయింది, తల తుడుద్దాం"
- [ ] రెండు వస్తువులు చూపించి "అరటిపండా, బిస్కెట్టా?" అని అడిగి ఆగండి. అడగకముందే చేతికివ్వకండి
- [ ] రోజూ దోబూచులాట, బంతి ఇచ్చిపుచ్చుకునే ఆట
- [ ] నేలమీద ఆట, తెర బంద్
- [ ] కొత్తగా ఏది చేసినా తేదీ, వీడియో

అపాయింట్‌మెంటు వేళ బిడ్డ నిద్ర సమయంలో పడకుండా చూసుకోండి. వీడియోలన్నీ ఒకే ఆల్బంలో వేయండి. పుస్తకం చివరి పేజీలో మీకున్న అనుమానం రెండు వాక్యాల్లో రాసి, లోపలికి వెళ్లగానే ముందు అదే చదవండి: "బాబుకి 20 నెలలు. మూడు మాటలున్నాయి, వేలితో చూపించడం లేదు, పేరు పిలిస్తే అయిదుసార్లలో ఒకసారే తిరుగుతున్నాడు."